ఆపరేషన్ చేయించినాం కదా, మళ్ళీ ఈ రక్తం ఏంది?

పోయిన నెల ఆడకుక్కలకి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ గురించి రాసినాక వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజ్‌ల్లో ఎక్కువ భాగం ఒకటే మాట. ఆపరేషన్ అయిపోతే ఇంక హీట్, అంటే ఎద, రాదన్నారు కదా మేడం, మరి ఈ రక్తం యాడినుంచి వస్తాంది అని. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ఇదొక్కటే తీసుకుంటున్నా. ముందే ఒక మాట చెప్పేస్తా. రెండు అండాశయాలూ పూర్తిగా తీసేసిన కుక్క హీట్‌కి రాదు. వచ్చిందంటే లోపల ఎక్కడో ఒక ముక్క మిగిలుండాలి, లేదంటే బయటినుంచి హార్మోన్ ఒంట్లోకి పోతుండాలి, అదీ కాదంటే అది అసలు హీటే కాదు, వేరే జబ్బు. ఏదనేది తేలేదాకా వదిలిపెట్టొద్దు.

ప్రశ్న: మేడం, మాది కర్నూలు, కల్లూరు సైడు. మా లాబ్రడార్ డైసీకి నాలుగేళ్ళు. రెండేళ్ళ కింద ఆపరేషన్ చేయించినాం, కుట్లు బాగానే మానినాయి, మొన్నటిదాకా ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు వారం నుంచి హాల్లో బేతంచెర్ల బండల మీద అక్కడక్కడ రక్తం చుక్కలు కనిపిస్తున్నాయి. కింద భాగం వాచినట్టుంది, ఊరికే నాక్కుంటా ఉంది. గేటు బయట మూడు మగకుక్కలు పొద్దున్నుంచి రాత్రిదాకా కదలట్లేదు. మా అత్తమ్మ అయితే చిత్తకార్తె వచ్చింది కదా, ఎదకొచ్చినట్టుంది చూడు అంటది. ఆపరేషన్ చేసిన డాక్టర్‌కి ఫోన్ చేస్తే గర్భసంచి తీసేసినాం, హీట్ వచ్చే చాన్సే లేదు అన్నాడు. మేం ఎవరి మాట నమ్మాలి? మళ్ళీ పొట్ట కోయించాల్సి వస్తుందా?

జవాబు: అమ్మా, మీ అత్తమ్మ మాట తీసిపారేయొద్దు. అక్టోబర్ రెండో వారంలో చిత్తకార్తె వస్తుంది, మన నాటు కుక్కలు ఎక్కువగా ఆ చుట్టుపక్కలే, అంటే వానలు తగ్గి చలి మొదలయ్యేటప్పుడు ఎదకొస్తాయని పల్లెల్లో అందరికీ తెలుసు, అది చూసి చూసి చెప్పిన మాట. కాకపోతే లాబ్రడార్ లాంటి ఇంటి కుక్కలకి కార్తెతో పనిలేదు, సుమారు ఆరేడు నెలలకోసారి ఏ కాలంలోనైనా వస్తాయి. కాబట్టి నేను చిత్తకార్తె కంటే మీ గేటు బయట ఉన్న ఆ మూడు మగకుక్కల్ని ఎక్కువ పట్టించుకుంటా. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, లోపల పుండున్నా మగకుక్కలు ఒకసారి వచ్చి వాసన చూసిపోతాయి, కానీ వారం రోజులు తిండి మానుకుని గేటు దగ్గర కూర్చున్నాయంటే లోపల ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తయారవుతోందని గట్టి అనుమానం.

ఇప్పుడు డాక్టర్ గారన్న మాట. గర్భసంచి తీసేసినాం కాబట్టి హీట్ రాదు అనేది సగం నిజమే. హీట్ తెప్పించేది గర్భసంచి కాదు, దాని రెండు కొసల్లో ఉండే అండాశయాలు. గర్భసంచి చేసేదల్లా ఆ హార్మోన్ ప్రభావంతో రక్తం విడవడమే. అందుకే అండాశయం ముక్క మిగిలిపోయి గర్భసంచి పోయిన కుక్కల్లో వాపు వస్తుంది, మగకుక్కలు వస్తాయి, తోక పక్కకి తిప్పి నిలబడుతుంది, రక్తం మాత్రం కొంచెమే వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. వచ్చే ఆ కొంచెం కూడా కుట్టేసిన గర్భసంచి మొదలు దగ్గర మిగిలిన భాగం నుంచి వస్తుంది. దీన్ని ఓవేరియన్ రెమ్నెంట్ సిండ్రోమ్ అంటారు. ఆపరేషన్ అయిన కొన్ని నెలలకి బయటపడొచ్చు, కొన్నేళ్ళకి కూడా బయటపడొచ్చు, కాబట్టి రెండేళ్ళయింది కదా అని కొట్టిపారేయడానికి లేదు.

ముక్క ఎట్లా మిగిలిపోతుంది అని అడుగుతారు. కుక్క అండాశయం శెనక్కాయ విత్తనమంత ఉంటుంది, అది కూడా బయటికి కనబడేట్టు ఉండదు, కొవ్వు నిండిన చిన్న సంచిలో, శెనక్కాయ పొట్టులో విత్తనం లాగా దాక్కుని ఉంటుంది. పైగా అది కిడ్నీ వెనకాలే ఒక గట్టి తాడు లాంటి దానితో లోపలికి కట్టేసినట్టుంటుంది, ఆ తాడుని వేలితో సాగదీసి తెంపితేగానీ అండాశయం గాయం దాకా రాదు. కుడివైపు కిడ్నీ ఎడమదానికంటే ముందుకుంటుంది, అందువల్ల కుడి అండాశయం ఇంకా లోతుగా ఉంటుంది, అందుకే మిగిలిపోయే ముక్క ఎక్కువగా కుడివైపే దొరుకుతుంది. కుక్క బాగా లావుగా ఉంటే కొవ్వులో వేళ్ళకి ఏమీ తెలీదు, గాయం చిన్నగా పెట్టినా ఇబ్బందే. కోసేటప్పుడు చిన్న తునక కడుపులో జారిపడినా అక్కడే రక్తనాళాలు పట్టుకుని బతికే అవకాశం ఉంది.

ఇది నా చేతుల్లో కూడా జరిగింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక లావుపాటి కుక్కకి ఆపరేషన్ చేసినా, అంతా బాగా అయిందనుకున్నా, ఏడాదిన్నరకి ఆ ఇంటాయన వచ్చి మీరు చెప్పినట్టే ఉంది మేడం, కానీ మగకుక్కలు గోడ దూకుతున్నాయి అన్నాడు. మళ్ళీ తెరిచి చూస్తే కుడివైపు కిడ్నీ కింద కందిబేడంత ముక్క, దాని మీద నీటి బుడగ లాంటిది ఒకటి. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, నాకు మాత్రం వారం రోజులు నిద్ర పట్టలేదు. అప్పటినుంచి తీసిన రెండు అండాశయాల్నీ ట్రేలో పెట్టి, ఆ కొవ్వు సంచి కోసి తెరిచి, లోపల విత్తనం పూర్తిగా ఉందో లేదో చూసినాకే కుట్లు వేస్తా. మీరు ఆపరేషన్ చేయించేటప్పుడు కూడా రెండూ పూర్తిగా వచ్చినాయా అని అడగండి. ఏ డాక్టరూ తప్పు పట్టుకోడు, పట్టుకోకూడదు కూడా.

సరే, డైసీకి ఇప్పుడేం చేయాలి. ఈ వారంలోనే, వాపు తగ్గకముందే డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి. వాపు తగ్గినాక పోతే కనిపెట్టడం కష్టం, చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు, పోనీలే తగ్గిపోయింది కదా అని ఊరుకుంటారు, మళ్ళీ ఆరు నెలలకి ఇదే కథ. డాక్టర్ దూది పుల్లతో లోపలినుంచి కొంచెం తీసి గాజు పలక మీద పూసి రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తారు. ఇది పెద్ద ఖర్చు పనేం కాదు, నొప్పి కూడా ఉండదు. మామూలు రోజుల్లో అక్కడి కణాలు నూగుల్లాగా చిన్నగా గుండ్రంగా ఉంటాయి, ఈస్ట్రోజన్ ఉందంటే అవే కణాలు అటుకుల్లాగా పలచబడి, వెడల్పయి, అంచులు ముడుచుకుని కనిపిస్తాయి. ఆ అటుకులు కనిపించినాయంటే హార్మోన్ ఉన్నట్టే, ఇంక వాదన అక్కర్లేదు.

ఆ హార్మోన్ ఎక్కడిది అనేది తర్వాతి ప్రశ్న. ఇక్కడ ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు. ఇంట్లో ఆడవాళ్ళెవరన్నా ముట్లు ఆగిపోయినాక వచ్చే ఆవిర్లకి డాక్టర్ రాసిచ్చిన హార్మోన్ జెల్ గానీ క్రీమ్ గానీ చేతికో తొడకో పూసుకుంటున్నారా? కుక్క ఒళ్ళో పడుకుని ఆ చెయ్యి నాకితే చాలు, దానికి ఉత్తిపుణ్యానికి హీట్ లక్షణాలు వచ్చేస్తాయి. అట్లాగే ఆపరేషన్ అయిన కుక్క నిద్రలో మూత్రం కారుస్తుంటే ఈస్ట్రోజన్ రకం మాత్ర ఇస్తారు, దానివల్ల కూడా రావొచ్చు. ఇవేవీ లేవంటే లోపల ముక్క ఉన్నట్టే. హీట్ తగ్గిన రెండు మూడు వారాలకి రక్తంలో ప్రొజెస్టిరాన్ అనే ఇంకో హార్మోన్ ఎంతుందో చూపించండి, మిల్లీలీటరుకి 2 నానోగ్రాముల కంటే ఎక్కువుంటే అండాశయం పనిచేస్తున్నట్టు. ఏఎంహెచ్ అనే ఇంకో రక్త పరీక్ష కూడా ఉంది, ముక్క ఉందా లేదా తేల్చడానికి బాగా పనికొస్తుంది. స్కానింగ్‌లో ముక్క కనిపిస్తే మంచిదే, కనిపించకపోతే లేదని మాత్రం అనుకోవద్దు, కందిబేడంత దాన్ని స్కానింగ్‌లో పట్టుకోవడం అంత సులభం కాదు.

మళ్ళీ పొట్ట కోయాలా అంటే, ముక్క ఉందని తేలితే కోయాల్సిందే అమ్మా, దీనికి మందుల్లో శాశ్వత వైద్యం లేదు. అయితే ఎప్పుడు అనేది ముఖ్యం. హీట్ లక్షణాలు ఉన్నప్పుడో, అవి తగ్గిన కొన్ని వారాల లోపలో చేస్తే ఆ ముక్క ఉబ్బి చేతికి దొరుకుతుంది, మామూలు రోజుల్లో తెరిస్తే మచ్చకీ ముక్కకీ తేడా తెలీదు. రెండోసారి చేసేటప్పుడు రెండు వైపులా వెతకమని చెప్పండి, తీసిన ముక్కని ల్యాబ్‌కి పంపించి అది అండాశయమేనని రిపోర్ట్ తెప్పించుకోండి. పోనీలే పిల్లలైతే పుట్టవు కదా అని వదిలేస్తే మిగిలిన గర్భసంచి మొదట్లో చీము పట్టొచ్చు, ఆ ముక్కలోనే గడ్డ పెరగొచ్చు.

ఇంకో మాట, ఇది కొంచెం గట్టిగానే చెప్తా. హీట్ ఆపే ఇంజెక్షన్ అని ఒకటుంది, ఒక్క సూదితో సరిపోతుందని ఎవరన్నా చెప్తే వేయించొద్దు. అది ప్రొజెస్టిరాన్ రకం మందు, మిగిలిన గర్భసంచి ముక్కలో చీము పట్టించడానికి అదే కారణమవుతుంది, రొమ్ముల్లో గడ్డలు, షుగర్ కూడా తెచ్చిపెడుతుంది. దాని బదులు ఈ రెండు మూడు వారాలు డైసీని గొలుసు లేకుండా బయటికి వదలొద్దు. గర్భసంచి పూర్తిగా తీసేసుంటే కడుపు రాదు, నిజమే, కానీ మగకుక్క ఎక్కితే లోపల గాయమవుతుంది, జబ్బులు అంటుకుంటాయి, ఎట్లాంటి జబ్బో కింద అనంతపురం నుంచి వచ్చిన ఉత్తరంలో చూడండి.

ఆపరేషన్ చేసిన డాక్టర్‌తో గొడవ పడొద్దు. ఏ తేదీన రక్తం మొదలైంది, ఎన్నాళ్ళుంది, వాపు ఎప్పుడొచ్చింది ఇవన్నీ కాగితం మీద రాసుకుని, బండల మీద చుక్కల్ని, కింద వాపుని, గేటు దగ్గర కుక్కల్ని ఫోన్‌లో వీడియో తీసుకుని పోండి. అప్పుడు గర్భసంచి, అండాశయాలు రెండూ తీశారా లేక అండాశయాలే తీశారా అని పాత రికార్డులో చూసి చెప్పమనండి. వీడియో చూసినాక చాన్సే లేదు అనే డాక్టర్ని నేనైతే ఇంతవరకు చూడలేదు.

ప్రశ్న: మాది కడప, ఎర్రముక్కపల్లె. మా పప్పీకి ఆపరేషన్ అయి ఈరోజుకి ఆరు రోజులు. మొదటి రెండు రోజులు ఒకట్రెండు చుక్కలు వచ్చి ఆగిపోయినాయి. ఈరోజు పొద్దున మళ్ళీ ఎర్రగా రక్తం వస్తోంది, పరుపు తడిసింది. ఇది హీటా? సోమవారం దాకా ఆగొచ్చా?

జవాబు: ఈ మెసేజ్ చూసిన గంటలోనే పత్రిక వాళ్ళతో మీకు ఫోన్ చేయించినా, మీరు తీసుకుపోయినారు, లోపల కుట్టు దగ్గర రక్తనాళం తెరుచుకుంది అని చెప్పినారు, పప్పీ ఇప్పుడు తింటా ఉందని విని ప్రాణం కుదుటపడింది. మిగతావాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నా. ఆపరేషన్ అయిన రెండు మూడు రోజులు లేత ఎరుపు చుక్కలు పడితే భయం లేదు. కానీ ఆగిపోయిన రక్తం నాలుగో రోజు నుంచి రెండు వారాల లోపల మళ్ళీ తాజాగా వచ్చిందంటే గర్భసంచి కట్టేసిన చోట ఇన్ఫెక్షన్ పట్టి రక్తనాళం ఊడిందేమో అని చూడాలి. అది హీట్ కాదు. పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదలండి, తెల్లబడిన చోట రెండు సెకన్లలో మళ్ళీ గులాబీ రంగు రావాలి. రాకపోయినా, చిగుళ్ళు ముందే పాలిపోయున్నా, పొట్ట ఉబ్బినా, కుక్క లేచి నిలబడలేకపోయినా సోమవారం దాకా కాదు, ఆదివారం రాత్రైనా సరే బయల్దేరాలి. కడుపులోకి కారే రక్తం బయటికి కనిపించదు, అది గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: అనంతపురం నుంచి రాస్తున్నా అక్కా. మా వీధిలో ఒక కుక్క ఉంది, మేమందరం అన్నం పెడతాం, లక్ష్మి అని పిలుస్తాం. మున్సిపాలిటీ వాళ్ళు తీసుకుపోయి ఆపరేషన్ చేసి వదిలినారు, చెవి కూడా కత్తిరించి ఉంది. దానికి నెలన్నర నుంచి రక్తం కారుతానే ఉంది. వీధిలో వాళ్ళు ఆపరేషన్ సరిగ్గా చేయలేదు, దొంగ ఆపరేషన్లు అని తిడుతున్నారు. పట్టుకుని చూస్తే లోపలినుంచి ఎర్రగా మాంసం ముక్క లాంటిది కనిపించింది. గర్భసంచి జారిందా?

జవాబు: తమ్ముడూ, ముందు నువ్వు పట్టుకుని చూసినందుకు మెచ్చుకోవాలి, నువ్వు ఆ మాంసం సంగతి రాయకపోతే నేనూ మిగిలిన ముక్క గురించే చెప్పేదాన్ని. హీట్‌లో రక్తం ఒకటి రెండు వారాలు వస్తుంది, తర్వాత ఆగుతుంది. నెలన్నర ఆగకుండా కారేది హీట్ కాదు. ఆపరేషన్ అయిన కుక్కకి జారడానికి గర్భసంచి ఉండదు. నువ్వు చూసింది కాలీఫ్లవర్ లాగా, ముట్టుకుంటే రక్తం కారేట్టు, పుసుక్కున తెగేట్టు ఉందంటే అది టీవీటీ అనే గడ్డ అయ్యుండాలి. మన వీధి కుక్కల్లో ఇది చాలా మామూలు. డాక్టర్ చిన్న ముక్కని గాజు పలక మీద అద్ది చూసి అక్కడికక్కడే చెప్పగలుగుతారు.

ఇది చాలా విచిత్రమైన క్యాన్సర్. మామూలు క్యాన్సర్ ఒక ఒంట్లో పుట్టి ఆ ఒంటితోనే పోతుంది, ఇది మాత్రం వేల ఏళ్ళ కింద ఏదో ఒక కుక్కలో పుట్టి, ఆ కణాలే ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకి అంటుకుంటా ఇప్పటికీ బతుకుతున్నాయి. ఎక్కడం వల్ల ఎక్కువగా వస్తుంది, నాకడం వల్ల, వాసన చూడ్డం వల్ల కూడా వస్తుంది, అందుకే కొన్ని కుక్కలకి ముక్కులో, నోట్లో కూడా ఉంటుంది. ఆపరేషన్‌కి ముందే అంటుకుని తర్వాత పెరిగి ఉండొచ్చు. మనుషులకి రాదు, ఆ భయం వద్దు.

మంచి సంగతి ఏందంటే ఇది దాదాపు పూర్తిగా నయమవుతుంది. విన్‌క్రిస్టిన్ అనే ఇంజెక్షన్ వారానికొకటి, ఎక్కువ కుక్కలకి 4 నుంచి 6 వారాలు సరిపోతుంది, రెండో ఇంజెక్షన్‌కే రక్తం తగ్గడం నీకే కనబడుతుంది. మన ఇండ్ల ముందర పూసే బిళ్ళగన్నేరు ఉంది చూడు, ఈ మందు మొదట దొరికింది ఆ చెట్టులోనే. అట్లాగని ఆకు నూరి పోయొద్దు, అది విషం. ఇంజెక్షన్ కూడా డాక్టరే నరంలోకి వేయాలి, నరం పక్కన ఒక్క చుక్క కారినా అక్కడ చర్మం కుళ్ళిపోతుంది. ప్రతిసారీ ముందు రక్తంలో తెల్ల కణాలు చూడాలి. ఇంజెక్షన్ అయిన రెండు మూడు రోజులు దాని మూత్రం, వాంతి ఒట్టి చేతుల్తో తుడవొద్దు, గ్లౌజులు వేసుకోండి, కడుపుతో ఉన్న ఆడవాళ్ళు దూరంగా ఉండాలి. అన్నిటికంటే కష్టం, వీధి కుక్కని ప్రతి వారం అదే రోజు పట్టుకుని తీసుకుపోవడం. రెండు సూదులకి రక్తం ఆగిపోయింది కదా అని మానేస్తే గడ్డ మళ్ళీ వస్తుంది, అప్పుడు మందుకి లొంగకపోవచ్చు. వీధిలో నలుగురు కలిసి వారానికొకరు వంతు వేసుకోండి.

ఇంక మున్సిపాలిటీ వాళ్ళని తిట్టే సంగతి. వీధి కుక్కల ఆపరేషన్లకి 2001లో వచ్చిన రూల్స్ ఉండేవి, 2023లో కొత్తవి వచ్చినాయి, వాటి ప్రకారం ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి, చెవి కోత దానికి గుర్తు. లక్ష్మికి పిల్లలు పుట్టలేదంటే ఆ పని జరిగినట్టే. ఇట్లాంటి ఒక కుక్కని చూపించి దొంగ ఆపరేషన్లు అనేస్తే రేపు వ్యాన్ వచ్చినప్పుడు వీధిలో ఎవరూ కుక్కల్ని పట్టనీయరు, ఆ నష్టం మళ్ళీ కుక్కలకే.

ప్రశ్న: ఆదోని నుంచి. మా కుక్కకి తొమ్మిదేళ్ళు, ఎప్పుడో చిన్నప్పుడే ఆపరేషన్ చేయించినాం. వారం నుంచి కింద పసుపు, ఎరుపు కలిసి వాసనగా కారుతోంది, నీళ్ళు బకెట్లు బకెట్లు తాగుతోంది, అన్నం ముట్టట్లేదు. ఎండలకి వేడి చేసిందని మజ్జిగ, సబ్జా నీళ్ళు పోస్తున్నాం, తగ్గట్లేదు.

జవాబు: అయ్యా, మజ్జిగ ఆపి ఇప్పుడే డాక్టర్ దగ్గరికి పోండి. మన దగ్గర ఇదొకటి అలవాటు, మూత్రం పసుపైనా, రక్తం కారినా, నోరు పూసినా వేడి చేసింది అనే ఒక్క మాటతో పది రోజులు గడిపేస్తాం. మనుషులకి కొన్నిసార్లు చెల్లుతుందేమో, ఇక్కడ చెల్లదు. వాసన వచ్చే చీము, విపరీతమైన దాహం, తిండి మానేయడం ఈ మూడూ కలిసినాయంటే మిగిలిన గర్భసంచి మొదట్లో చీము పట్టిందేమోనని నా భయం. చిన్నప్పుడే గర్భసంచి తీసేసినా మొదట్లో కొంచెం మిగులుతుంది, పైన చెప్పిన కందిబేడంత అండాశయం ముక్క కూడా ఉంటే దాని హార్మోన్ వల్ల అందులో చీము చేరుతుంది. ఆ విషం రక్తంలోకి పోయి కిడ్నీలు దెబ్బతింటాయి. స్కానింగ్, రక్త పరీక్ష, సెలైన్, యాంటీబయాటిక్, తర్వాత ఆపరేషన్, ఈ వరసలో పోతుంది. షుగర్, కిడ్నీ జబ్బుల్లో కూడా దాహం ఎక్కువే, అవి కూడా ఆ రక్త పరీక్షలోనే తేలతాయి.

ప్రశ్న: మా పామరేనియన్ మూత్రంలో రక్తం వస్తోంది, పది సార్లు కూర్చుంటుంది, చుక్క చుక్కే పోస్తుంది. ఆపరేషన్ అయి ఆరేళ్ళు. ప్రొద్దుటూరు.

జవాబు: ఇది ఇన్ఫెక్షనో, మూత్రసంచిలో రాళ్ళో అయ్యుంటుంది. పొద్దున మొదటిసారి కూర్చున్నప్పుడు వేన్నీళ్ళతో కడిగి ఆరబెట్టిన గరిటె వెనకనుంచి మెల్లగా పెట్టి మూత్రం పట్టండి, మూత ఉన్న శుభ్రమైన డబ్బాలో పోసి గంటలోపు ఇచ్చేయండి. ఎక్స్‌రే కూడా తీయించండి. మీ ఊర్లోనే వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడ చూపించండి. చుక్క కూడా రాకుండా ఆగిపోతే మాత్రం ఆ రోజే పోవాలి.

ప్రశ్న: పులివెందుల దగ్గర పల్లె మాది. తోట దగ్గరుండే కుక్కకి ముక్కులోనుంచి, కింద నుంచి కూడా రక్తం కారింది, పొట్ట మీద ఎర్రటి మచ్చలు. దానికి ఆపరేషన్ అయింది. గోమార్లు బాగా ఉన్నాయి.

జవాబు: రెండు చోట్ల రక్తం వస్తే అది కింది భాగం జబ్బు కాదు, రక్తం గడ్డకట్టడంలోనే తేడా ఉంది. గోమార్లు, కొన్నిచోట్ల పిడుదులంటారు, అవి కుట్టి వచ్చే జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోయి ఇట్లాగే అవుతుంది, ఎర్ర మచ్చలు కూడా దాని గుర్తే. డాక్సీసైక్లిన్ 4 వారాలు ఇస్తారు, రెండో రోజుకే లేచి తిరిగినా మధ్యలో ఆపొద్దు. ఇంకోటి, కాయలు నిలవపెట్టిన కొట్టంలో ఎలకల మందు పెట్టినారా? ఆ కేకులు తిన్న కుక్కకి, మందు తిని చచ్చిన ఎలకని తిన్న కుక్కకి వెంటనే ఏమీ కాదు, మూడు నుంచి ఐదు రోజులకి రక్తం కారడం మొదలవుతుంది. దానికి విటమిన్ కె1 ఉంది, టైముకి ఇస్తే బతుకుతుంది, కాబట్టి మందు ప్యాకెట్ పారేయకుండా డాక్టర్‌కి చూపించండి.

ప్రశ్న: గుత్తి నుంచి మేడం. మా చింటుకి ఆపరేషన్ చేయించిన పది రోజులకి రొమ్ములు వాచి పాలు వస్తున్నాయి. మా పాప గుడ్డ బొమ్మని నోట కరుచుకుని మంచం కిందికి దూరి దాన్ని నాకుతా కూర్చుంటుంది, దగ్గరికి పోతే గుర్రుమంటుంది. కడుపుతో ఉంటే చూసుకోకుండా కోసేసినారా? పాపం మాకు తగులుతుందని మా అమ్మ ఏడుస్తా ఉంది.

జవాబు: అమ్మకి చెప్పండి, కడుపులో పిల్లలుంటే పొట్ట తెరిచిన డాక్టర్‌కి గర్భసంచి చూడగానే తెలిసిపోతుంది, మీకు చెప్పకుండా ఉండరు. చింటు హీట్ అయిపోయిన నెల, నెలన్నరకి ఆపరేషన్ చేయించి ఉంటారు, అవునా? హీట్ తర్వాత రెండు నెలల దాకా, కడుపు వచ్చినా రాకపోయినా కుక్క ఒంట్లో ప్రొజెస్టిరాన్ ఎక్కువగా ఉంటుంది. ఆ టైములో అండాశయాలు తీసేస్తే అది ఒక్కసారిగా పడిపోతుంది, అది చూసి ఒళ్ళు కాన్పు అయిందనుకుని పాలు తయారుచేస్తుంది. ఆపరేషన్ ఫెయిలైనట్టు కాదు, ముక్క మిగిలినట్టూ కాదు. అందుకే హీట్ మొదలైన మూడు నెలల తర్వాత చేయించుకోమని చెప్తాం.

పాలు పిండొద్దు, వేడి కాపడం పెట్టొద్దు, పిండేకొద్దీ ఊరుతుంది. నాక్కోకుండా మెడకి కోన్ వేయండి. ఎక్కువ కుక్కలకి రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది, తగ్గకపోతే క్యాబర్గోలిన్ అనే మందు డాక్టర్ రాస్తారు, రొమ్ము ఎర్రగా గట్టిపడి జ్వరమొస్తే వెంటనే చూపించండి. బొమ్మని మాత్రం మంచం కింద చెయ్యిపెట్టి లాక్కోవద్దు, దానికి ఇప్పుడు అది పిల్లే, కరుస్తుంది. వాకింగ్‌కి తీసుకుపోయినప్పుడు ఇంట్లో ఇంకెవరన్నా తీసి పైన అటక మీద పెట్టేయండి, వచ్చినాక వెతుకుతుంది, ఒకట్రెండు రోజులు మంచం కింద కూర్చుని మూలుగుతుంది, మీ అమ్మని పక్కన కూర్చుని తల నిమరమనండి.